గర్భసంచి తీయించుకోవడం: ఆపరేషన్‌కు ఎలా సిద్ధపడాలి, తర్వాత ఎలా కోలుకోవాలి

గర్భసంచి ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో మొదట లెక్కలోకి వచ్చేవి డబ్బు, రక్తం, ఆసుపత్రిలో తోడుండే మనిషి. నిజానికి ఆసుపత్రిలో గడిచేది సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులే. లోపలి కుట్లు గట్టిపడి మీరు మునుపటిలా పనిలో పడడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆ వారాలన్నీ గడిచేది ఇంట్లోనే. అందుకే ఇక్కడ ఆపరేషన్ గది గురించి తక్కువగానూ, దానికి ముందుండే నెల గురించి, తర్వాత వచ్చే రెండు నెలల గురించి ఎక్కువగానూ వివరిస్తున్నాను. మీ శరీరస్థితిని చూసి మీ వైద్యురాలు వేరే సూచన ఇస్తే ఆ సూచననే పాటించండి.

మొదటి పని: అవసరమేనా అని తేల్చుకోవడం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 లెక్కల ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఇంత తేడాకు జబ్బులే కారణమని నమ్మడం కష్టం. తెల్లబట్ట అవుతోందని, నడుము లాగుతోందని వెళ్లిన ముప్పై అయిదేళ్ల మనిషికి "సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి ఆపరేషన్ చేసిన ఉదంతాలు రెండు రాష్ట్రాల్లోనూ వెలుగులోకి వచ్చాయి. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

క్యాన్సర్ నిర్ధారణ అయితే ఆలస్యం చేయకూడదు, కాన్పులో రక్తం ఆగకపోతే ఆలోచించే వ్యవధే ఉండదు. మిగిలిన కారణాలలో చాలావాటికి, అంటే ఫైబ్రాయిడ్ గడ్డలు, నెలసరిలో అధిక రక్తస్రావం, అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకి చొచ్చుకుపోవడం), ఎండోమెట్రియోసిస్ (అలాంటి పొర గర్భసంచి బయట పెరగడం), గర్భసంచి జారడం వంటి వాటికి, రెండో వైద్యురాలి అభిప్రాయం తీసుకునేంత సమయం ఉంటుంది. ఇప్పటికిప్పుడు చేయకపోతే ప్రాణానికే ముప్పు అని ఎవరైనా తొందరపెడితే, ఏ పరీక్షలో ఏమి కనిపించిందో కాగితం మీద చూపించమని అడగండి. అధిక రక్తస్రావానికి మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది, లోపలి పొరను మాత్రమే కాల్చే చికిత్స ఉంది. గడ్డలను మాత్రమే తొలగించవచ్చు, లేదా వాటికి రక్తం అందించే నాళాన్ని మూయవచ్చు. జారిన గర్భసంచిని నిలిపి ఉంచడానికి పెసరీ అనే రింగు వాడవచ్చు. వీటిలో ప్రతిదీ అందరికీ సరిపడకపోవచ్చు, అయితే మీకు ఎందుకు పనికిరావో తెలుసుకున్నాకే ఆపరేషన్‌కు ఒప్పుకోండి. కేవలం తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోనవసరం లేదు, అది మందులతో తగ్గుతుంది.

నలభై అయిదు దాటి అధిక రక్తస్రావం ఉన్నవారికి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీ చేయాలి, గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష (అక్కడి కణాల్లో క్యాన్సర్ మార్పులు ఉన్నాయేమో చూసేది) చేయాలి. ఈ రెండూ చేయకుండా నేరుగా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారంటే ఆగి అడగడం మంచిది. లోపల క్యాన్సర్ ఉందని తర్వాత తెలిస్తే మొదట చేసిన ఆపరేషన్ సరిపోకపోవచ్చు.

ఏమి తీస్తారో, ఏమి ఉంచుతారో స్పష్టంగా అడగండి

"మొత్తం తీసేశారు" అని చెప్పే ఆడవాళ్లలో చాలామందికి ఆ మొత్తంలో ఏవేవి ఉన్నాయో తెలియదు. గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసే పద్ధతి ఉంది, ముఖద్వారాన్ని ఉంచి తీసే పద్ధతీ ఉంది. అండాశయాలు వేరు. గర్భసంచి మాత్రమే తీస్తే నెలసరి ఆగుతుంది గాని అండాశయాలు హార్మోన్లను ఇస్తూనే ఉంటాయి. అండాశయాలు రెండూ తీస్తే మాత్రం వయసు ఎంతైనా మర్నాటి నుంచే ముట్లు ఆగిన దశ మొదలవుతుంది. ఎముకల మీద, గుండె మీద దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. నలభైల్లో ఉండి అండాశయాలు ఆరోగ్యంగా ఉన్నవారికి, వంశంలో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ చరిత్ర లేకపోతే, వాటిని ఉంచడమే సాధారణంగా మేలు. ఎలాగూ కోస్తున్నారు కదా, అవి కూడా తీసేస్తే ఒక పని అయిపోతుంది అన్న మాటకు తలూపకండి. అండవాహికలను, అంటే అండాశయాల నుంచి గర్భసంచికి వచ్చే గొట్టాలను, తీసేయడం మాత్రం ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారు, దానివల్ల తర్వాతి కాలంలో అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

ఏ దారిన చేస్తారన్నది తర్వాతి ప్రశ్న. యోని మార్గంలో గాని, పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపీతో గాని చేస్తే త్వరగా తేరుకుంటారు. పొట్ట కోసి చేస్తే కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. గడ్డలు పెద్దవైనా, పాత సిజేరియన్ల వల్ల లోపల అతుకులున్నా పొట్ట కోయడమే సురక్షితం కావచ్చు. బయట మచ్చ చిన్నదైనా లోపల యోని పైభాగాన వేసే కుట్లు ఒకటే, కాబట్టి లాపరోస్కోపీ అయినా బరువులు ఎత్తే విషయంలో మినహాయింపు ఏమీ ఉండదు.

నెల రోజుల ముందు నుంచి శరీరాన్ని సిద్ధం చేయడం

అధిక రక్తస్రావంతో వచ్చేవారిలో రక్తహీనత దాదాపు తప్పదు. హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉన్నప్పుడు రక్తం ఎక్కించి మర్నాడే ఆపరేషన్ చేయడం కంటే, వ్యవధి ఉంటే మూడు నాలుగు వారాలు ఐరన్‌తో పెంచుకుని పది దాటాక చేయించుకోవడం మంచిది. ఐరన్ మాత్రను టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకండి. రెండు గంటలు ఎడం ఇచ్చి నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మాత్రలు పడనివారికి నరం ద్వారా ఇచ్చే ఐరన్ ఉంది. ఈ నెలలోనూ రక్తం అలాగే పోతుంటే ఎంత ఎక్కించినా నిలవదు, కాబట్టి ఆపరేషన్ వరకు నెలసరిని ఆపి ఉంచే మందు గురించి అడగండి.

మీరు వాడే ప్రతి మందు పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి మత్తు డాక్టరుకు ఇవ్వండి. రక్తం పలచబడే మాత్రలను ఎన్ని రోజుల ముందు ఆపాలో ఆయనే చెప్పాలి, మీకు మీరుగా ఆపకూడదు. షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి వాటిని సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. థైరాయిడ్ మాత్రను మాత్రం ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. నాటు మందు, ఆయుర్వేద లేహ్యం, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో తెచ్చుకునే బిళ్ల కూడా ఆ జాబితాలో ఉండాలి. చుట్ట, పొగాకు అలవాటు ఉంటే కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి, లేకపోతే దగ్గు ఎక్కువై కుట్ల మీద భారం పడుతుంది, గాయం కూడా ఆలస్యంగా మానుతుంది. షుగర్ అదుపులో లేనివారికి గాయం చీము పట్టే ముప్పు ఎక్కువ గనుక తేదీని రెండు వారాలు వెనక్కి జరిపినా నష్టం లేదు.

సెలవు, డబ్బు, ఇల్లు

రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు గర్భసంచి తొలగింపు ఆపరేషన్‌కు 45 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే ఉత్తర్వు వచ్చింది. దానికి సివిల్ సర్జన్ ధ్రువపత్రం జతపరచాలి. ఈ సంగతి తెలియక సొంత సెలవులు ఖర్చు చేసుకునే ఉపాధ్యాయినులు ఇప్పటికీ ఉన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే, ఈ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి, చేరిన తర్వాత అడిగితే చేతి డబ్బు కట్టవలసి రావచ్చు. ప్రైవేటు బీమా పాలసీల్లో చాలావాటిలో ఈ ఆపరేషన్‌కు రెండేళ్ల నిరీక్షణ నిబంధన ఉంటుంది, పాలసీ కాగితాల్లో ఆ భాగాన్ని చదివించుకోండి.

ఇంటి పనుల పంపకం మాటల్లో కాకుండా పేర్లతో జరగాలి. "ఎవరో ఒకరం చూసుకుంటాం" అంటే పదో రోజున బిందె ఎత్తేది మీరే అవుతారు. నీళ్లు ఎవరు పట్టాలి, గేదె పాలు ఎవరు పితకాలి, పిల్లల క్యారేజీ ఎవరు కట్టాలి, అత్తగారికి లేదా మామగారికి మందులు ఎవరివ్వాలి అన్నవి ఆరు వారాలకూ తేల్చి పెట్టండి. పుట్టింటికి వెళ్లి ఉండే వీలుంటే వెళ్లడమే మేలు. సొంత ఇంట్లో మంచం మీద పడుకుని వంటగదిలో జరుగుతున్నది వింటూ ఊరుకోగల ఇల్లాళ్లు అరుదు.

బియ్యం, పప్పు డబ్బాలను కింది అరల నుంచి నడుము ఎత్తున ఉన్న అరలోకి మార్చండి. మంచం మోకాలి ఎత్తుకు తగ్గకుండా ఉండాలి, నేల మీద చాప, నులక కుంగిన మంచం పనికిరావు. ఇంట్లో నేల మరుగుదొడ్డి మాత్రమే ఉంటే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో, ఆసుపత్రి సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని ముందే తెచ్చి పెట్టుకోండి. వదులుగా ఉండే నైటీలు, నడుము దగ్గర బిగుతుగా లేని లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు సర్దుకోండి. లంగా బొందు సరిగ్గా కుట్ల మీదకే వస్తుంది గనుక కొన్ని వారాలు చీర కట్టుకోవడం కుదరదు.

ముందు రోజు, ఆపరేషన్ రోజు

పొట్ట కింది వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో తీసుకోకండి. కంటికి కనిపించని గాట్లు పడి చీము పట్టే ప్రమాదం ఉంది. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో తీస్తారు. తలస్నానం ముందు రోజే చేయండి, ఆ తర్వాత కొన్నాళ్లు కుదరదు. గోళ్ల రంగు తుడిచేయండి, వేళ్ల కొసలకు కొత్తగా గోరింటాకు పెట్టుకోకండి, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా చదవలేకపోవచ్చు.

ఆపరేషన్‌లో రక్తనాళాలను మూయడానికి కరెంటు పరికరం వాడతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. ముక్కుపుడక, గాజులు, మెట్టెలు అన్నీ తీయాలి. ఏళ్ల తరబడి తీయని మెట్టె వేలిలోకి దిగిపోయి ఉంటుంది, దాన్ని థియేటర్ తలుపు దగ్గర నర్సు కట్టర్‌తో కత్తిరించే పరిస్థితి రానివ్వకండి. ముందు రోజే పాదాన్ని కాసేపు చల్లటి నీళ్లలో ఉంచి, వేలికి సబ్బు గాని కొబ్బరి నూనె గాని రాసి, మెల్లగా తిప్పుతూ లాగితే వస్తుంది. పుస్తెలు తీయడానికి మనసొప్పనివారు బదులుగా పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుంటారు. లోహం లేదు గనుక చాలా ఆసుపత్రుల్లో దానికి అభ్యంతరం చెప్పరు, అయినా సిబ్బందికి ముందు చెప్పండి. నగలన్నీ ఇంట్లోనే ఉంచి రావడం అన్నిటికన్నా సుఖం.

మత్తుకు ముందు కనీసం ఆరు గంటలు ఘనాహారం ఉండకూడదు, నూనె పదార్థాలు, మాంసం తింటే ఎనిమిది గంటలు. మంచినీళ్లు మాత్రం రెండు గంటల ముందు వరకు తాగవచ్చని సాధారణ నియమం, మీ ఆసుపత్రి వేరే సమయం చెబితే అదే పాటించండి. రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు మధ్యాహ్నం వరకు చుక్క నీరు లేకుండా ఉండవలసిన అవసరం చాలామందికి లేదు. ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

అంగీకార పత్రాన్ని మీరు చదివి, లేదా తెలుగులో చదివించుకుని సంతకం చేయండి. అండాశయాల గురించి అందులో ఏమి రాశారో వేలు పెట్టి చూపించమనండి. సంతకం మీది, మీవారిది కాదు.

ఆసుపత్రిలో

మెలకువ వచ్చేసరికి చేతికి సెలైన్, మూత్రానికి గొట్టం ఉంటాయి. మూత్రపు గొట్టాన్ని సాధారణంగా మర్నాడు తీసేస్తారు, తీశాక ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే నర్సుకు చెప్పాలి. లాపరోస్కోపీ చేయించుకున్నవారికి భుజం నొప్పి వస్తుంది, పొట్టలోకి పంపిన వాయువు మిగిలి ఉండటం వల్ల వచ్చేదే గనుక రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి ఉంటే గట్టిగా ఊపిరి తీయలేరు, నడవలేరు, ఆ రెండూ జరగకపోతే ఊపిరితిత్తుల్లో కఫం, కాళ్లలో రక్తపు గడ్డలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. అడిగి మందు వేయించుకోండి.

అదే రోజు సాయంత్రం గాని మర్నాడు ఉదయం గాని మంచం దిగి నాలుగు అడుగులు వేయాలి. దిగే పద్ధతి ఇది: వెల్లకిలా ఉన్నప్పుడు మోకాళ్లు ముడవండి. భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలండి. కాళ్లను మంచం అంచు దాటించి కిందికి వదులుతూనే కింది మోచేతిని, పై అరచేతిని పరుపుకు ఆనించి ఒళ్లు పైకి లేపండి. కూర్చున్నాక నిమిషం ఆగండి, కళ్లు తిరగడం లేదనుకున్నాక నిలబడండి. తోడున్నవారు చేతులు పట్టి ముందుకు లాగకూడదు, ఆ లాగుడంతా పొట్ట కండరాల మీదే పడుతుంది. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు చిన్న దిండును రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకోండి. మంచం మీద ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడించండి.

ఇంట్లో ఆరు వారాలు

మొదటి వారం ఇంట్లోనే అటూ ఇటూ నడవడం చాలు. రెండో వారం నుంచి రోజూ ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ చదునైన చోట నడవండి. మెట్లు నెమ్మదిగా ఎక్కవచ్చు. "నెల రోజులు మంచం దిగవద్దు" అన్న పెద్దవాళ్ల మాట ఈ ఒక్క విషయంలో హాని చేస్తుంది.

బరువు విషయంలో మాత్రం పెద్దవాళ్లే సరి. ఆరు వారాల పాటు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. నీళ్ల క్యాను ఇరవై. నిండిన గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పై దాకా తూగుతుంది. తడి దుప్పట్ల బకెట్టు, పిండి రుబ్బిన గ్రైండర్ గిన్నె, చంకనెక్కే మనవడు కూడా ఈ లెక్కలోకే వస్తారు. పిల్లవాడిని ఎత్తుకోకుండా, మీరు కూర్చున్నాక పక్కన కూర్చోబెట్టుకోండి. గొంతుక్కూర్చుని బట్టలుతకడం, ఇల్లు తుడవడం, చెంబుతో కల్లాపి చల్లడం అన్నీ ఆరు వారాల తర్వాతే. పొలం పనికి, కూలికి వెళ్లేవారు రెండు మూడు నెలలు ఆగాలి. పూట గడవని ఇళ్లలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, అందుకే వీలైనంతవరకు నాట్లకు, కోతలకు మధ్య ఖాళీ చూసుకుని తేదీ పెట్టించుకోండి.

తిండి విషయంలో మనకున్నన్ని నిషేధాలు బహుశా ఎక్కడా ఉండవు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర దురద అని, పెరుగు చలవ అని ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి కారప్పొడి అన్నం మిగులుతుంది. గాయం మానడానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, చికెన్ మీకు అలవాటైనవన్నీ తినవచ్చు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. మలబద్ధకం మాత్రం నిజమైన శత్రువు. ముక్కితే లోపలి కుట్ల మీద భారం పడుతుంది కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, బొప్పాయి తీసుకుంటూ, అవసరమైతే ఇసబ్‌గోల్ గాని వైద్యురాలు రాసిన సిరప్ గాని వాడండి. ఐరన్ మాత్రలు మలబద్ధకం చేస్తాయని మధ్యలో మానేయవద్దు, హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించమంటారు.

స్నానం ఎప్పటి నుంచి చేయవచ్చో ఇంటికి పంపేటప్పుడు అడగండి, సాధారణంగా రెండు మూడు రోజులకే ఒప్పుకుంటారు. కుట్ల మీద నీళ్లు పడితే ఫరవాలేదు, రుద్దకూడదు, మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వాలి. పసుపు, విభూతి, నూనె, పౌడరు పెట్టకూడదు. చెరువు, నది, పుష్కర ఘాటు స్నానాలు యోని కుట్లు మానేదాకా వద్దు.

గోధుమ రంగు లేదా లేత ఎరుపు స్రావం నాలుగు నుంచి ఆరు వారాల వరకు కొద్దికొద్దిగా అవుతుంది. లోపలి కుట్లు కరిగే రోజుల్లో కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. ప్యాడ్లు మాత్రమే వాడండి, లోపల పెట్టేవి ఏవీ వాడకూడదు. భార్యాభర్తల కలయిక కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, వైద్యురాలు లోపల పరీక్షించి చెప్పేదాకా ఉండకూడదు. కుట్లు మానకముందే జరిగితే అవి విడిపోయి పేగు బయటకు వచ్చే ప్రమాదం ఉంది. ఇది అరుదే గాని, జరిగితే అత్యవసర పరిస్థితి. భర్తకు ఈ మాట చెప్పే బాధ్యత మీ మీదే వేసుకోకుండా, డిశ్చార్జి సమయంలో ఆయన్ను పక్కన నిలబెట్టి వైద్యురాలి చేతనే చెప్పించండి.

బ్రేకు గట్టిగా నొక్కినా నొప్పి రాదు అనిపించేదాకా స్కూటర్, కారు నడపవద్దు, దానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కూర్చుని చేసే ఉద్యోగాలకు నాలుగు నుంచి ఆరు వారాల్లో వెళ్లవచ్చు. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ ఆపరేషన్ చేయించుకునేవారు తిరుగు టికెట్ కొనే ముందే, ఎన్నాళ్లకు అంత దూరం కూర్చుని ప్రయాణించవచ్చో అడగండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఆ వారాల్లోనే ఎక్కువ.

ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు

గంటకో ప్యాడు తడిసేంత రక్తం పోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసనతో స్రావం, కుట్ల చోట ఎర్రబడి చీము కారడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే ధారగా కారుతూ ఉండటం, పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోవడం కనిపిస్తే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. యోని నుంచి నీరులా కారుతుంటే అది మూత్రం కావచ్చు, తెల్లబట్ట అనుకుని ఊరుకోకండి.

ఆ తర్వాతి సంవత్సరాలు

తీసిన గర్భసంచిని పరీక్షకు పంపుతారు, ఆ బయాప్సీ రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. దాన్ని తెచ్చుకుని వైద్యురాలికి చూపించేదాకా ఆపరేషన్ పూర్తి కానట్టే. ఆ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, రెండిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకు కూడా పంపి ఉంచండి. పదేళ్ల తర్వాత మరో డాక్టరు "అండాశయాలు ఉన్నాయా" అని అడిగితే జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

అండాశయాలు రెండూ తీసేసినవారికి ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, యోని పొడిబారడం, చిరాకు ఉన్నట్టుండి మొదలవుతాయి. మన దేశంలో సహజంగా ముట్లు ఆగేది సుమారు 46–47 ఏళ్లకు. అంతకన్నా చిన్న వయసులో ఆపరేషన్ అయితే కనీసం ఆ వయసు వరకైనా ఈస్ట్రోజెన్ మందు వాడడం గురించి అడగండి. రొమ్ము క్యాన్సర్ వంటివి ఉన్నవారికి అది పనికిరాదు. క్యాల్షియం, విటమిన్ డి, రోజూ నడక అందరికీ అవసరం. అండాశయాలు ఉంచినవారికి కూడా ముట్లు ఆగే దశ కాస్త ముందే రావచ్చు, నెలసరి లేదు గనుక అది ఎప్పుడు వచ్చిందో ఆవిర్లను బట్టే తెలుస్తుంది.

దిగులు, ఏడుపు కొన్ని వారాలు ఉండవచ్చు. "ఇక ఆడదానివి కావు" వంటి మాటలు అనేవాళ్లు ఉంటారు, వాటిలో వైద్యపరంగా ఏ నిజమూ లేదు, కలయిక సుఖం కూడా చాలామందికి నొప్పి, రక్తస్రావం పోయాక మెరుగవుతుంది. దిగులు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుల సలహా తీసుకోండి.

మూత్రాన్ని మధ్యలో ఆపుతున్నట్టుగా కింది కండరాలను బిగించి, ఐదు లెక్కపెట్టి వదిలే వ్యాయామాన్ని గొట్టం తీసిన తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టి, రోజుకు మూడు పూటలా పదేసి సార్లు చేస్తూ ఉండండి. దగ్గినప్పుడు మూత్రం పడకుండా అది కాపాడుతుంది. చివరగా పాప్ పరీక్ష సంగతి: ముఖద్వారాన్ని ఉంచినవారు దాన్ని మునుపటిలాగే చేయించుకుంటూ ఉండాలి. ముఖద్వారం తీసినా, ఆపరేషన్‌కు కారణం క్యాన్సర్ గాని దాని ముందు దశ గాని అయి ఉంటే యోని పైభాగం నుంచి తీసే పరీక్ష కొన్నేళ్లపాటు ఉంటుంది, ఎంత కాలానికోసారి రావాలో తేదీలు రాయించుకోండి.